మీ ప్రశ్నలు – మా జవాబులు: కోఠి నుంచి నాంపల్లి దాకా పాత కట్టడాలు, కొత్త కాపురాలు

ప్రశ్న: మా అమ్మాయి కోఠి మహిళా కళాశాలలో చదువుకుంది. ఈ మధ్య ఆమెతో కలిసి కోఠి నుంచి ఆబిడ్స్ మీదుగా నాంపల్లి స్టేషన్ వైపు నడిచాను. దారిలో చూసిన పాత భవనాల్లో చాలావాటిని ఒకందుకు కట్టి మరొకందుకు వాడుతున్నారు. వాడకం మారడం వల్ల వాటికి మేలు జరిగిందా, కీడు జరిగిందా? అన్నింటినీ ప్రదర్శనశాలలుగా మార్చి భద్రపరిస్తే మంచిది కాదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి చదివిన కళాశాల నుంచే మొదలుపెడదాం. కోఠి అంటే పెద్ద భవంతి. ఆ పేటకు ఆ పేరు రావడానికి కారణమైన భవంతి బ్రిటిష్ రెసిడెన్సీయే. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా, అంటే రెసిడెంటుగా, ఉన్న జేమ్స్ అకిలీస్ కర్క్‌ప్యాట్రిక్ కాలంలో, 1803 ప్రాంతంలో, మద్రాసు ఇంజనీరు సామ్యూల్ రస్సెల్ గీసిన నమూనా ప్రకారం దాని నిర్మాణం మొదలైంది. ఎత్తైన స్తంభాలు, మెట్లకు ఇరువైపులా సింహాలు, లోపల విశాలమైన దర్బారు గది, ఇవన్నీ చూసేవారికి కంపెనీ అధికారాన్ని గుర్తుచేయడానికే అమర్చినవి. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో జనం దాడిచేసింది ఈ రెసిడెన్సీ మీదనే. బ్రిటిష్‌వారు వెళ్లిపోయాక, 1924లో వేరేచోట ప్రారంభమైన మహిళా కళాశాల 1949లో ఇక్కడికి తరలివచ్చింది. సామాన్యులు గడప దాటి లోపలికి అడుగుపెట్టలేని ఇంట్లో అమ్మాయిలు పుస్తకాలు తెరిచి కూర్చోవడాన్ని ఆ కట్టడం చరిత్రలోకెల్లా గొప్ప మలుపుగా నేను భావిస్తాను.

అయితే దర్బారు కోసం కట్టిన ఇంటిని కళాశాలగా వాడుకోవడంలో ఇబ్బందులు లేకపోలేదు. గానుగ సున్నంతో కట్టిన గోడలకు, కొయ్య దూలాలు మోసే మిద్దెలకు ఏటేటా మరమ్మతు జరగాలి. ఒక ఏడాది వాననీరు లోపలికి దిగితే మరుసటి ఏడాదికి దూలం చివర్లు పుచ్చిపోతాయి. క్రమంగా శిథిలమైన ఈ భవనాన్ని ప్రపంచ స్మారక నిధి సంస్థ 2002లో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది, ఆ తరువాత ఏళ్ల తరబడి సాగిన పునరుద్ధరణ 2023 నాటికి ఒక కొలిక్కి వచ్చింది. కళాశాల ఇప్పుడు విశ్వవిద్యాలయమైంది. ఏడు దశాబ్దాలకు పైగా విద్యార్థినులు తమదనుకున్న చోటు కాబట్టే దాన్ని కూల్చాలనే ఆలోచనకు తావు లేకుండా పోయిందని నా నమ్మకం.

రెసిడెన్సీ పక్కనున్న బజార్లు 1933 వరకు రెసిడెంటు అధికారం కింద ఉండేవి. నిజాం ప్రభుత్వానికి తిరిగి దక్కాక వాటికి సుల్తాన్ బజార్ అనే పేరు వచ్చింది. నిజాం ఆంక్షలు అంతగా సోకని ఈ పేటలోనే, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో, 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలసింది. మీరు చూసిన వాటికి ఇది మినహాయింపు: నూట ఇరవై ఏళ్లు దాటినా అది ఇప్పటికీ గ్రంథాలయమే.

ఆబిడ్స్‌లో కథ వేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అక్కడ ఒక దుకాణం నడిపాడు. దుకాణం ఎన్నడో పోయింది, పేరు మాత్రం పేటకు మిగిలింది. అక్కడికి కొంత దూరంలో ఉన్న మొజంజాహీ మార్కెట్‌ను 1935లో రాతితో కట్టారు. పండ్ల టోకు వ్యాపారం 1980లలో గడ్డిఅన్నారానికి తరలిపోయినా చిల్లర దుకాణాలు, ఐస్‌క్రీమ్ అంగళ్లు దాన్ని విడిచిపెట్టలేదు. 2020లో పునరుద్ధరణ పూర్తయ్యేనాటికి కూడా అది జనం వచ్చిపోయే బజారుగానే ఉంది.

నాంపల్లి స్టేషన్ దారిలోని గోల్డెన్ థ్రెషోల్డ్ అఘోరనాథ్ చటోపాధ్యాయ కుటుంబం నివసించిన ఇల్లు. ఆయన కుమార్తె సరోజినీ నాయుడు 1905లో వెలువరించిన కవితా సంపుటి పేరే ఈ ఇంటి పేరయింది. ఆమె కుమార్తె పద్మజా నాయుడు దీన్ని విశ్వవిద్యాలయానికి ఇవ్వగా, 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం తొలి అడుగులు ఇక్కడే వేసింది. గచ్చిబౌలి ప్రాంగణం సిద్ధమయ్యాక కూడా కళల విభాగానికి చాలాకాలం ఇదే నెలవు. కవిత్వం పుట్టిన ఇంటికి ఇంతకంటే తగిన కాపురం దొరకదు.

కాబట్టి అన్నింటినీ ప్రదర్శనశాలలు చేయాలన్న మాటతో నేను ఏకీభవించలేను. తాళం పడిన ఇంట్లో చూరు కారితే చూసే కన్ను ఉండదు. గదుల స్వభావానికి సరిపడే పని ఎంచుకోవడం, ఆ పని ద్వారా వచ్చే రాబడిలో కొంత మరమ్మతుకు తప్పనిసరిగా కేటాయించడం, ఈ రెండూ కుదిరితే వాడకంలో ఉన్న కట్టడమే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ప్రశ్న: మా తాతగారు బజారు వీధిలో కట్టిన సున్నపు గోడల మిద్దె ఇల్లు మాకు ఉంది. ముందు భాగాన్ని దుకాణానికి అద్దెకివ్వాలనుకుంటున్నాము. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: షట్టరు కోసం ముందు గోడను తొలగించడానికి ఒప్పుకోకండి. అటువంటి ఇళ్లలో పైకప్పు బరువును మోసేది గోడలే. పాత తలుపుల వెడల్పులోనే ఇమిడే వ్యాపారానికి ఇవ్వండి, బట్టల కొట్టో పుస్తకాల కొట్టో అయితే సరిపోతుంది. సిమెంటు బస్తాలు, ఇనుప సామాను వంటి బరువులు మేడ మీద నిల్వచేయకూడదని అద్దె పత్రంలోనే రాయించండి. గోడకు పెచ్చులూడితే సిమెంటు పూయకుండా మళ్లీ సున్నంతోనే పూత వేయించండి. సున్నపు గోడ తేమను పీల్చుకుని తిరిగి వదులుతుంది, సిమెంటు పొర ఆ తేమను లోపలే బంధించి గోడను గుల్ల చేస్తుంది. వానాకాలానికి ముందే మిద్దె మీది తూములు శుభ్రం చేయించి, అద్దెదారుకు తాళం ఇచ్చేలోపు దూలాల చివర్లను అనుభవమున్న వడ్రంగి చేత ఒకసారి పరీక్ష చేయించండి.