ఉప్పునీటి చేపలకు విటమిన్లు: మేతలోనా, నీళ్లలోనా?

ప్రశ్న: మా 400 లీటర్ల ఉప్పునీటి ట్యాంకులో ఎల్లో టాంగ్ చేప ఉంది. రెండు నెలలుగా దాని కళ్ల చుట్టూ చిన్న చిన్న గుంటలు పడుతున్నాయి, పక్కగీత (ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఉండే గీత) వెంట రంగు వెలిసిపోతోంది. సముద్రపు చేపలు నీళ్లు తాగుతాయి కదా అని రోజూ ఒక మూత విటమిన్ మందు ట్యాంకులో పోస్తున్నాను. గుణం లేదు.
(పటమట, విజయవాడ)

జవాబు: ముందు ఆ పోయడం ఆపండి. సముద్రపు చేప నీళ్లు తాగడం నిజమే. చుట్టూ ఉన్న ఉప్పునీరు దాని ఒంట్లోని నీటిని లాగేస్తుంటుంది, తాగక తప్పదు. కానీ 5 మి.లీ. మందు 400 లీటర్లలో కలిస్తే అది 80 వేలలో ఒక వంతు. చేపకు దక్కేది దాదాపు ఏమీ ఉండదు, తక్కినదంతా బ్యాక్టీరియా తింటుంది. నూనె ఉన్న మందైతే నీటి మీద పొర కట్టి, స్కిమ్మర్ (నురుగుతో నీటిలోని మురికిని తీసే పరికరం) నురుగును కూడా పాడుచేస్తుంది. బెజవాడ ఎండలకు వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ అసలే తక్కువ, మందు తిని పెరిగిన బ్యాక్టీరియా దాన్నీ వాడేస్తుంది. రాత్రి కరెంటు పోయి పంపులు ఆగాయంటే చేప ప్రాణానికే ముప్పు.

మందు మేతకు పట్టాలి. గడ్డకట్టిన మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు) ముక్కను చిన్న కప్పు ట్యాంకు నీటిలో కరిగించి, టీ వడగట్టే జాలీలో పోసి ఆ నీరు పారబోయండి. ఫాస్ఫేటు కొంత ఆ నీటితో పోతుంది. తడి ఓడ్చిన మేత మీద సెల్కాన్ లాంటి విటమిన్ మందు 2, 3 చుక్కలు వేసి, కలిపి, 15 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి పెట్టండి. నీళ్లు ఓడ్చకుండా వేస్తే మందు మేతకు పట్టదు, ట్యాంకులోకి కొట్టుకుపోతుంది. పొడి గుళికలైతే ఇంకా బాగా పీల్చుకుంటాయి. వారానికి మూడుసార్లు చాలు. కలిపిన మేత మిగిలితే మర్నాటికి దాచకండి.

అసలు లోటు మాత్రం ఆకులోనే ఉండొచ్చు. టాంగ్ నాచు మేసే చేప. ఉప్పు, నూనె, మసాలా కలపని నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) షీటు రోజూ అరచేతిలో సగమంత క్లిప్పుకు పెట్టండి. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ (నీటిని శుభ్రం చేసే బొగ్గు) ఉంటే తీసేయండి, దాని పొడి కూడా ఈ గుంటలకు ఒక కారణం. మానడానికి నెలలు పడుతుంది. లోతుగా పడిన మచ్చలు ఉండిపోవచ్చు.

ప్రశ్న: రొయ్యల చెరువుల్లో వాడే విటమిన్ పొడి, మెడికల్ షాపులో పిల్లల మల్టీవిటమిన్ చుక్కలు చవగ్గా వస్తున్నాయి. వాడొచ్చా?
(బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: రెండూ వద్దు. చెరువు పొడి మోతాదు కిలోల మేతకు లెక్క. మీరు రోజుకు పెట్టేది రెండు మూడు గ్రాములు, అంత తక్కువకు ఇంట్లో తూచలేరు. అందులో ఎ, డి ఉంటే అవి కొవ్వులో కరిగేవి, ఎక్కువైనవి కాలేయంలో పేరుకుంటాయి. పిల్లల చుక్కల్లో చక్కెర, రంగు, వాసన కలుపుతారు. సముద్రపు చేపకు ముఖ్యమైన ఒమేగా-3 కొవ్వులకు అవి బదులు కావు.

కొన్న మంచి మందైనా తెరిచాక ఫ్రిజ్‌లోనే ఉండాలి, మూత మీద తేదీ రాసుకోండి. విటమిన్ సి గాలికి, వెలుతురుకు, వేడికి చచ్చిపోతుంది. చేపనూనె పాడైన వాసన కొడితే సీసా పారేయండి. ఆ నూనె మేతలోని విటమిన్ ఇ ని హరించేస్తుంది.

ప్రశ్న: లయన్ ఫిష్‌కు ఏడాదిగా మార్కెట్ పచ్చి రొయ్యలే పెడుతున్నాం. విటమిన్ అవసరమా?
(మొగల్రాజపురం, విజయవాడ)

జవాబు: అవసరమే, మేత మార్చడం అంతకన్నా అవసరం. కొన్ని రకాల రొయ్యల్లో, చేపల్లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టినా ఆ ఎంజైమ్ చావదు. లోటు ముదిరితే చేప మేత మానేస్తుంది, తూలుతుంది. రొయ్యతో పాటు స్క్విడ్ ముక్కలు, మైసిస్ మార్చి మార్చి పెట్టండి. వారానికి రెండుసార్లు బి1 ఉన్న మందులో నానబెట్టి ఇవ్వండి. బతికున్న గోల్డ్ ఫిష్‌ను మాత్రం వేయకండి, దానిలోనూ ఈ ఎంజైమే ఉంది.