చేతులు వెనక్కి కట్టుకొని నిలబడు

అమ్మలూ,

పెదనాన్న ఆశీస్సులు. నీకు ఎస్సై పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసినప్పుడు నేను పొలంలో ఉన్నాను. కాసేపు గట్టు మీదే కూర్చుండిపోయాను. మన ఇంట్లో ఖాకీ వేసిన రెండో మనిషివి నువ్వు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల సెక్షన్లు నేనే నిన్ను అడిగి తెలుసుకోవాలి. అందుకే ఈ ఉత్తరంలో సీన్ గురించి, అంటే నేరం జరిగిన చోటు గురించి మాత్రమే రాస్తాను. ముప్పై రెండేళ్ల సర్వీసులో నేను చేసిన మంచీ చెడూ ఎక్కువగా అక్కడే జరిగాయి.

శవం ఉందని కబురొచ్చి వెళ్తావు. ముందు ప్రాణం ఉందేమో చూడు. ఏమాత్రం అనుమానం ఉన్నా 108కి చెప్పు, ఆధారాలు చెదిరినా ఫర్వాలేదు. ప్రాణం లేదని తేలాక చేతులు వెనక్కి కట్టుకొని పది నిమిషాలు నిలబడు. దేన్నీ ముట్టుకోకు. ఊరంతా నిన్నే చూస్తుంటుంది, పైనుంచి ఫోన్లు వస్తుంటాయి, ఏదో ఒకటి చేసెయ్యాలనే టెన్షన్ ఉంటుంది. ఆ టెన్షన్లోనే కత్తి ఎత్తి చూస్తాం, తలుపు తోస్తాం, ఫ్యాన్ ఆపుతాం. ఫ్యాన్ తిరుగుతోందా, లైటు వెలుగుతోందా, పొయ్యి మీద అన్నం ఉడికి ఉందా, గడియ లోపలినుంచి వేసుందా అన్నవి ఆ పది నిమిషాల్లోనే కనిపిస్తాయి. పురుగుమందు వాసనా, సారా వాసనా ఫొటోలో రావు. వాటిని అక్కడికక్కడే రాసుకోవాలి.

నువ్వు వెళ్లేసరికే పదిమంది లోపలికి వెళ్లొచ్చి ఉంటారు. మన పల్లెల్లో చావంటే అందరిదీ. ఒకరు దుప్పటి కప్పుతారు, ఒకరు ఉరి నుంచి దించుతారు, ఇంకొకరు వాకిట్లో నీళ్లు జల్లి ఊడ్చేస్తారు. వాళ్ల మీద అరవకు. ఒక ముసలమ్మ నాతో, "చూళ్లేక నానే కప్పినాను బావూ" అని ఏడ్చింది. ఆ దుప్పటి నూలుపోగులు శవం బట్టలకు అంటుకుని ఉంటాయని ఆమెకెలా తెలుస్తుంది? ఎవరు ఎటు నుంచి వెళ్లారో, ఏది జరిపారో మెల్లగా అడిగి పేర్లతో సహా రాసుకో. తర్వాత రావడానికీ పోవడానికీ ఒకటే దారి పెట్టి తాడు కట్టించు. ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్ జిల్లా కేంద్రం నుంచి రావాలంటే టైమ్ పడుతుంది. 7 ఏళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ వాళ్లు సీన్‌కి రావాలని కొత్త చట్టం చెబుతోంది, రాష్ట్రాలకు 5 ఏళ్ల గడువు ఇచ్చింది. వాళ్లు వచ్చేదాకా ఆ చోటుకి కాపలా నువ్వే. తడి నేల మీద అడుగుజాడ కనిపిస్తే పక్కింటి నుంచి బేసిన్ తెచ్చి బోర్లించు. ఉద్దానం కొబ్బరి తోటల్లో వాన ముందు చెప్పి రాదు.

ఉరి కేసుల్లో ముడి విప్పకు. శవాన్ని దించాల్సి వస్తే ముడికి దూరంగా తాడు కోసి, కోసిన రెండు కొసలకూ దారం కట్టు. ఆ ముడి ఎలాంటిది, ఎవరు వేసి ఉంటారు అన్నది డాక్టరు చూడాలి, కోర్టు చూడాలి. పెళ్లయి 7 ఏళ్లు నిండని ఆడపిల్ల అయితే తహసీల్దారుకు వెంటనే కబురు పెట్టి, శవ పంచనామా ఆయన చేత చేయించు.

ఇప్పుడు మరకల సంగతి. సీన్ రిపోర్టులో "రక్తం" అని రాయకు, "రక్తంలా కనిపిస్తున్న మరక" అని రాయి. నువ్వు చూసింది మరకనే. అది రక్తమని చెప్పాల్సింది ల్యాబు. పలాస వైపు పనిచేసినప్పుడు గోడ మీద ముదురు ఎరుపు మరక చూసి రక్తమనే రాశాను. అది జీడిపిక్క రసం. డిఫెన్స్ లాయరు ఆ ఒక్క మాట పట్టుకుని గంటసేపు నన్ను నిలబెట్టాడు. ఆ ప్రాంతానికే సంబంధించిన మాట ఇంకొకటి ఉంది. జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు ఆ రసానికి కాలి, గీతలు అరిగిపోతాయి. గ్లాసు మీద వేలిముద్ర మసకగా ఉందంటే ఎవరో గ్లోవ్స్ వేసుకున్నారని వెంటనే అనుకోకు.

మరక అంటిన మట్టి తీసినప్పుడు, కాస్త దూరం నుంచి మరక లేని మట్టి కూడా వేరే పొట్లంలో తీయి. కంట్రోల్ మట్టి లేకపోతే ల్యాబు వాళ్లు దేనితో పోల్చుకుంటారు?

ఇది రాయడం నాకు కష్టం, కానీ నీకు చెప్పి తీరాలి. ఒక జులై నెలలో, వాన పడుతుండగా, కుర్రాడి హత్య కేసులో నిందితుడి చొక్కా పట్టుకున్నాం. తడిగా ఉంది. దాన్ని అలాగే మడిచి పాలిథిన్ కవర్లో పెట్టి సీలు వేశాను. స్టేషన్లో మూడు వారాలు ఉండిపోయింది. ల్యాబులో విప్పేసరికి బూజు పట్టి ఉంది, పరీక్షకు పనికిరాలేదు. మాకున్న గట్టి ఆధారం అదొక్కటే. కేసు కొట్టేశారు. తీర్పు రోజు ఆ కుర్రాడి తల్లి కోర్టు మెట్ల మీద నన్ను చూసి ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

తడిబట్టను నీడలో, శుభ్రమైన కాగితం మీద ఆరనివ్వు. ఎండలో వద్దు. మడతకీ మడతకీ మధ్య కాగితం పెట్టి, ఒక్కో బట్టనూ వేరే కాగితపు కవర్లో పెట్టు. నిందితుడి బట్టలూ మృతుడి బట్టలూ ఒకే బల్ల మీద ఆరబెట్టకు, ఒకే మనిషి చేత మోయించకు. ఆ తర్వాత విశాఖపట్నం ల్యాబుకు పంపడంలో ఆలస్యం చేయకు. ఎవరు తీశారు, ఎవరు దాచారు, ఏ కానిస్టేబుల్ ఏ రోజు తీసుకెళ్లాడు, సీలు అలాగే ఉందా అన్న వరసలో ఒక్క రోజుకు లెక్క లేకపోయినా మిగతాదంతా అనుమానంలో పడుతుంది.

పంచనామాకు సాక్షులుగా సంతకం చేసే మధ్యవర్తులుగా ఎప్పుడూ స్టేషన్ చుట్టూ తిరిగే ఆ ఇద్దరినే పిలవకు. ఖాళీ కాగితం మీద సంతకం అసలే వద్దు. రెండేళ్ల తర్వాత బోనులో నిలబడి "నేను చూశాను" అనాల్సింది వాళ్లు. సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది కదా, దాన్ని భారమనుకోకు. నిజాయితీగా పనిచేసిన ఎస్సైకి ఆ వీడియోనే సాక్షి. నా రోజుల్లో అది ఉంటే నా మాట నమ్మించడానికి అంత పాట్లు పడేవాణ్ణి కాదు. సీసీ కెమెరా దొరికితే ముందు దాని గడియారాన్ని నీ గడియారంతో పోల్చి తేడా రాసుకో. ఫుటేజీతో పాటు, దాన్ని కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి కావాల్సిన కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్ అప్పుడే తీసుకో.

"కొట్టి ఒప్పించండి మేడమ్, కేసు తేలిపోతుంది" అనేవాళ్లు నీ స్టేషన్లోనే ఉంటారు. వినకు. పోలీసు దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, ఆ మాట వల్ల కొత్తగా బయటపడినంత మేరకే చెల్లుతుంది. గుంటూరు వైపు నుంచి, బ్రిటిష్ కాలంలో పై కోర్టుగా లండన్లో ఉన్న ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కొట్టయ్య కేసు నువ్వు చదివే ఉంటావు, లా రిపోర్టుల్లో 1947 కింద ఉంటుంది. బల్లెం ఎక్కడ దాచాడో చూపిస్తానన్న మాట చెల్లుతుంది, దానితోనే పొడిచానన్న మాట చెల్లదు. అంటే బల్లెం దొరికినా, దాన్ని నేరంతో కలిపే పని మిగిలే ఉంటుంది. అది మరక చేయాలి, గాయం కొలత చేయాలి, సాక్షి చేయాలి. కొట్టి ఒప్పిస్తే వెతకడం ఆగిపోతుంది. అసలువాడు అదే ఊళ్లో తిరుగుతుంటాడు, లోపల ఉన్నవాడి పిల్లలు బడి మానేస్తారు. అలాంటి ఇంటికి నేను ఒకసారి వెళ్లాను. నువ్వు వెళ్లాల్సిన అవసరం రాకూడదు.

సీన్ నుంచి తిరిగొచ్చాక ఎంత రాత్రైనా కేస్ డైరీ ఆ రోజే రాయి. మర్నాటికి మనసు తనకు నచ్చినట్టు సర్దేసుకుంటుంది. నువ్వు అనుకున్నదానికి సరిపోని వస్తువు ఏదైనా కనిపిస్తే దాన్ని ముందు రాయి.

మీ తమ్ముడు ఆదివారం వస్తున్నాడట, వాడి చేతికి ఒక సంచీ ఇచ్చి పంపుతున్నాను. అందులో కాగితపు కవర్లు, లక్క, దారం, టేపు, మంచి టార్చిలైటు ఉన్నాయి. ఇవన్నీ డిపార్ట్‌మెంట్ ఇస్తుంది, కానీ అర్ధరాత్రి వేళ చేతికి అందవు. జీపులో నీ సీటు కింద పెట్టుకో. కవర్లు అయిపోతే చెప్పు, మళ్లీ పంపుతాను.

మీ పెద్దమ్మ నీకు వేళకు తినమని చెప్పమంది.

పెదనాన్న