కరెంటు ఎక్కడికి పోయింది, మాస్టారూ?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నేను బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. చదువయ్యాక బ్రిటన్ వెళ్లాలని, నర్సుల్లాంటి వైద్య సిబ్బందికి పెట్టే ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్షకు తయారవుతున్నాను. క్రియ వెనక అప్, ఇన్ లాంటి చిన్న మాట చేరి అర్థం మారిపోయే ఫ్రేజల్ వెర్బ్స్ మూడొందలు బట్టీ పట్టాను. తీరా మోడల్ పరీక్షలో గివ్ అప్, గివ్ ఇన్, గివ్ అవే అన్నీ కలిసిపోయాయి. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకేదైనా దారి ఉందా?
- ఒక పాఠకురాలు, పలాస

జవాబు: అమ్మా, ముందు ఆ జాబితా మడిచి అటక మీద పెట్టు. ముప్పై ఏళ్లు శ్రీకాకుళం జిల్లా హైస్కూళ్లలో ఇంగ్లిష్ చెప్పాను. నేనూ పిల్లల చేత అలాంటి జాబితాలే రాయించాను. గివ్‌తో వచ్చేవి ఒక పేజీ, పుట్‌తో వచ్చేవి ఇంకో పేజీ. అది సరైన పద్ధతి కాదని నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి వల్ల తెలిసింది. ఆమె కూడా నర్సే. విదేశంలో ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఒక ముసలాయన మంచం మీద లేచి కూర్చుని 'ఐయామ్ గోయింగ్ టు త్రో అప్' అన్నాడట. త్రో అంటే విసరడం, అప్ అంటే పైకి. ఏం విసురుతాడోనని ఈమె చుట్టూ చూసేలోపే ఆయన దుప్పటి మీద వాంతి చేసుకున్నాడు. 'మీరు వామిట్ అన్న మాటే నేర్పారు మాస్టారూ' అంది ఫోన్లో. ఆమె నన్ను తప్పుపట్టలేదు. అయినా ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

నొప్పితో ఉన్న మనిషి పుస్తకాల ఇంగ్లిష్ మాట్లాడడు. అందుకని నువ్వు ముందు నేర్చుకోవాల్సినవి మంచం పక్కన వినపడేవి. పాస్ అవుట్ అంటే స్పృహ తప్పడం. కమ్ రౌండ్ అంటే మళ్లీ తెలివి రావడం. మత్తుమందు ప్రభావం మెల్లగా దిగిపోతే వేర్ ఆఫ్. జ్వరమో జలుబో పట్టుకుంటే కమ్ డౌన్ విత్, దాన్నుంచి కోలుకుంటే గెట్ ఓవర్. పాస్ అవే అంటే చనిపోవడం. 'హి పాస్డ్ అవుట్', 'హి పాస్డ్ అవే'. రెండింటికీ మధ్య తేడా ఒక్క చిన్న మాటే. బయట వరండాలో కూర్చున్న బంధువుల దగ్గర ఒకటి అనబోయి ఇంకోటి అంటే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

ఇది మనకు తెలియని విద్య అనుకోకు. మన 'పడు' తీసుకో. గండం నుంచి బయటపడ్డాం అంటాం. జనం ఎగబడ్డారు, చదువులో వెనకబడ్డాడు, ఒళ్లు కుదుటపడింది అంటాం. వీటిలో ఎవరూ కింద పడలేదు. నేను ఇచ్ఛాపురం వైపు పనిచేసినప్పుడు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు క్లాసులో ఉండేవారు. 'కరెంటు పోయింది' అంటే ఒక గుంటడు 'ఎక్కడికి పోయింది మాస్టారూ?' అని అడిగాడు. వాడి ప్రశ్న న్యాయమైనదే. ఆ 'పోయింది' మనం ఏ జాబితాలోనూ చదవలేదు, ఇంట్లో దీపం ఆరినప్పుడల్లా విన్నాం. పెద్ద తేడా ఒకటే. 'బయటపడు'లో అర్థం మార్చే మాట క్రియకు ముందు వస్తుంది, ఇంగ్లిష్‌లో వెనక వస్తుంది. 1755లో తన ఇంగ్లిష్ నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్ కూడా పరాయి భాషవాళ్లకు అన్నిటికంటే కష్టమైనది ఇదేనని ముందుమాటలో రాశాడు. నీ తెలివితేటల్లో లోపం ఏమీ లేదు.

ఇప్పుడు నువ్వు కళ్లారా చూసిన సంగతి ఒకటి రాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటింది. అప్పుడు నువ్వు బడిపిల్లవై ఉంటావు. గాలి కొబ్బరిచెట్లను పడగొట్టింది: బ్రాట్ డౌన్. కరెంటు పోయింది: వెంట్ ఆఫ్. తిరిగి వచ్చింది: కేమ్ బ్యాక్ ఆన్. తాగే నీళ్లు నిండుకున్నాయా? ర్యాన్ అవుట్ ఆఫ్ వాటర్. ఎవరింట్లోనో పెళ్లి వాయిదా పడిందా? పుట్ ఆఫ్. అసలు జరగనే లేదంటే, కాల్ ఆఫ్. చీకట్లో, దోమల్లో ఓర్చుకుని ఉండటం పుట్ అప్ విత్. జీడితోట మొత్తం కూలినా మళ్లీ మొక్క నాటిన రైతు గివ్ అప్ చేయలేదు. దీనికి పుస్తకాల్లో 'విడిచిపెట్టు' అని ఉంటుంది కానీ, మన వైపు 'ఒగ్గేయడం' అంటాం చూడు, దానంత చక్కగా ఏదీ అతకదు. ఎదుటివాళ్ల పట్టుదలకు లొంగిపోతే గివ్ ఇన్. ఊరికే ఇచ్చేస్తే గివ్ అవే, దాచిన సంగతి బయటపెట్టేసినా గివ్ అవేనే. రోజుకు నాలుగు రాయి, చాలు. ప్రతిదాని పక్కనా నీకు తెలిసిన మనిషో, చోటో ఉండాలి.

ప్రశ్న: సర్, బయోడేటాలో 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2021' అనీ, 'ఐ కెన్ కోప్ అప్ విత్ ప్రెషర్' అనీ రాశాను. రెండూ తప్పని మా అన్నయ్య అంటున్నాడు. నిజమేనా?
- ఒక నిరుద్యోగి, ఆమదాలవలస

జవాబు: బాబూ, రెండోది తప్పే. కోప్ విత్ చాలు, మధ్యలో అప్ వద్దు. కీప్ అప్ విత్, పుట్ అప్ విత్ విని విని ఆ అప్ ఇందులోకీ వచ్చి చేరింది. మొదటిది అలా కాదు. మన దేశంలో పాసవుట్ అంటే చదువు పూర్తిచేయడమని అందరికీ తెలుసు. మన ఆఫీసుల్లో 'ఫైల్ పుట్ అప్ చెయ్' అంటే పై అధికారి ముందు పెట్టమని అర్థం కదా, ఇదీ అలాంటిదే. నలుగురికీ అర్థమయ్యే మాటను తప్పని కొట్టేయడం నాకు ఇష్టం లేదు. కాకపోతే నీ బయోడేటా విదేశీ కంపెనీవాళ్లు చదివితే 2021లో స్పృహ తప్పావనుకునే ప్రమాదం ఉంది. 'గ్రాడ్యుయేటెడ్' అని మార్చు.

ప్రశ్న: మాస్టారూ, మా పాప ఏడో తరగతి. 'పుట్ ఆఫ్ ఇట్' అని రాస్తే కొట్టేశారు. 'లుక్ ఆఫ్టర్ ఇట్'కి మాత్రం మార్కు వేశారు. రెండూ ఒకేలా ఉన్నాయి కదా! ఇంట్లో 'ఆఫ్ ది ఫ్యాన్' అంటుంది, అది సరైనదేనా?
- ఒక తల్లి, రాజాం

జవాబు: అమ్మా, మార్కు తీసేయడం సరే, కారణం కూడా పాపకు చెప్పాల్సింది. పుట్ ఆఫ్, టర్న్ ఆఫ్, టేక్ ఆఫ్, పిక్ అప్ లాంటివాటిని విడదీయవచ్చు. 'టర్న్ ఆఫ్ ది ఫ్యాన్' అన్నా, 'టర్న్ ది ఫ్యాన్ ఆఫ్' అన్నా సరే. పేరుకు బదులు ఇట్, దెమ్, హిమ్ వస్తే మాత్రం వాటి చోటు మధ్యలోనే: టర్న్ ఇట్ ఆఫ్, పుట్ ఇట్ ఆఫ్. లుక్ ఆఫ్టర్, లుక్ ఫర్, గెట్ ఓవర్ విడిపోవు. వాటిలో ఇట్ చివరే ఉంటుంది. చెవికి ఒక గుర్తు చెబుతాను. 'టర్న్ ఇట్ ఆఫ్'లో ఆఫ్‌ను ఒత్తి పలుకుతారు, 'లుక్ ఫర్ ఇట్'లో లుక్‌ను ఒత్తుతారు.

'ఆఫ్ ది ఫ్యాన్' సరైనది కాదు. అది ఎలా పుట్టిందో చూడండి. మనం 'ఫ్యాన్ ఆఫ్ చెయ్యి' అంటాం. ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు 'చెయ్యి' ఇక్కడే ఉండిపోయి, ఒక్క ఆఫ్ మాత్రం వెళ్లింది. అక్కడ క్రియ కావాలి, టర్న్ అయినా సరే, స్విచ్ అయినా సరే.

పాప బడి నుంచి రాగానే బూట్లు చూపించి 'టేక్ దెమ్ ఆఫ్' అనండి. నేలమీద పుస్తకాలుంటే 'పిక్ దెమ్ అప్', అలమరలో సర్దమనడానికి 'పుట్ దెమ్ అవే'. పడుకునే ముందు లైటు చూపించి 'టర్న్ ఇట్ ఆఫ్'. పది రోజులు ఇలా చేసి, ఈసారి ఉత్తరం పాప చేతే రాయించండి.