సిప్ ఆపలేక అమ్మ స్కాన్ ఆపుతారా?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. గుండె సమస్య వల్ల రక్తం పలచబడే మందు వాడుతోంది. రెండు నెలల కిందట జారిపడితే తలకు దెబ్బ తగిలింది. బొప్పి కట్టింది అంతే, అప్పట్లో బాగానే ఉంది. మూడు వారాలుగా తలనొప్పి, మాట తడబాటు, మతిమరుపు, నడిస్తే తూలుడు. వచ్చే నెల బోనస్ వచ్చాక స్కాన్ చేయిద్దామా? లేక సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే డబ్బు) కదపకుండా పర్సనల్ లోన్ తీసుకోనా? ఈలోగా అమ్మ పేరిట ఆరోగ్య బీమా చేయించవచ్చా?

జవాబు: బోనస్ మాట పక్కన పెట్టి, ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెద్ద వయసులో చిన్న దెబ్బకే మెదడు పైపొరల కింద రక్తం కొద్దికొద్దిగా చేరి, వారాల తర్వాత బయటపడవచ్చు. రక్తం పలచబడే మందు వాడేవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఇలా రక్తం చేరడాన్నే సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. మీ అమ్మగారిది అదే అని నేను చెప్పలేను, డాక్టర్లే తేల్చాలి. సీటీ స్కాన్ నిమిషాల పని. ‘వయసు మీద పడింది, మతిమరుపు మామూలే’ అని వదిలేయడం వల్లే చాలా ఇళ్లలో ఇది ఆలస్యంగా తెలుస్తుంది. ఆ మందు పేరు, మోతాదు డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు ఆపేయకండి.

ఇక డబ్బు సంగతి. మీ ఉత్తరంలో సిప్‌లు ఉన్నాయి, బోనస్ ఉంది, లోన్ ఉంది. అత్యవసర నిధి మాటే లేదు! ఆ నిధి ఉన్నవాళ్లు కూడా తమ ఆరు నెలల ఇంటి ఖర్చు లెక్కేసుకుని సరిపెట్టుకుంటారు. అమ్మానాన్నల ఆసుపత్రి ఖర్చు ఆ లెక్కలోకి రాదు. నిజానికి ముందుగా అవసరం పడేది వాళ్లకే. స్కాన్‌తో ఖర్చు ఆగదు. ఆపరేషన్ అవసరమైతే పుర్రెకు చిన్న రంధ్రం చేసి రక్తం తీస్తారు. కొందరిలో అది మళ్లీ చేరుతుంది, రెండోసారీ చేయాల్సి రావచ్చు. ఆ తర్వాత ఫిజియోథెరపీ, ఇంట్లో చూసుకునే మనిషి, జీతం లేకుండా మీరు పెట్టే సెలవులు. వీటన్నిటికీ నిలబడే డబ్బు సేవింగ్స్ ఖాతాలోనో, త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్ అయిన లిక్విడ్ ఫండ్‌లోనో ఉండాలి. కాబట్టి సిప్‌లు ఈ నెలే ఆపండి. ఉన్న యూనిట్లలో అవసరమైనంత అమ్మండి, అదీ ఒక్క బిల్లుకు సరిపడా కాదు, తర్వాతి నెలలకూ కలిపి. మార్కెట్ పడి ఉందా లేచి ఉందా అని చూడకండి. బోనస్ వచ్చాక దాన్ని ఈ నిధిలోనే వేయండి, సిప్‌లు మళ్లీ మొదలుపెట్టేది అది నిండాకే.

వచ్చే రాబడి ఖాయం కాదు, కట్టాల్సిన వడ్డీ మాత్రం ఖాయం. ఇంత తెలిసీ సిప్ కాపాడుకోవడానికి పర్సనల్ లోన్ తీసుకునేవాళ్లను చూస్తే నాకు విసుగు. క్రెడిట్ కార్డుతో నగదు తీయడం, ఫోన్‌లో అయిదు నిమిషాల్లో ఇచ్చే యాప్ అప్పులు ఇంకా ఘోరం, వాటి జోలికి అసలు పోవద్దు. తప్పనిసరైతే డిపాజిట్ మీద లోన్, అంతే.

బీమా అంటారా? ఇప్పుడు తీసుకునే పాలసీ ఈ చికిత్సకు పనికిరాదు. లక్షణాలు దాచి దరఖాస్తు పెడితే రేపు క్లెయిమ్ తిరస్కరించవచ్చు. మీ ఉద్యోగ గ్రూప్ పాలసీలో అమ్మగారి పేరుందేమో ఈరోజే హెచ్ఆర్‌ను అడగండి. ఉంటే ఆసుపత్రిలో చేర్చేటప్పుడే ఆ కార్డు చూపించండి.

ఆమె మాట తడబడుతున్న ఈ రోజుల్లో ఖాతా కాగితాల మీద హడావుడిగా సంతకాలు పెట్టించకండి. ఆమె డబ్బు వాడాల్సి వస్తే ముందు లాయరుతో మాట్లాడండి, తోబుట్టువులుంటే వాళ్లనూ కూర్చోబెట్టుకుని.