పాత డ్రెస్ ఫామ్ బాగుచేసుకోవాలంటే ముందు టేపు పట్టే మనిషి కావాలి

తిరుపతి కొర్లగుంట నుంచి పెళ్లయి ఒహాయోకి వచ్చిన ఒక చెల్లెలు అడుగుతోంది: “అక్కా, మా వీధిలో గరాజ్ సేల్ పెడితే పాత డ్రెస్ ఫామ్, అదే కుట్టే బట్ట తొడిగి చూసుకునే ఒంటి బొమ్మ, చవగ్గా దొరికింది, తెచ్చుకున్నాను. పైగుడ్డ చిరిగింది. నడుము దగ్గర కొలత పెంచి తగ్గించే చక్రం తిరగడం లేదు. ముక్కవాసన వస్తోంది. దీన్ని బాగుచేసుకుని ఇంట్లోనే జాకెట్లు కుట్టుకోవచ్చా, లేకపోతే పారేసి కొత్తది కొనుక్కోనా?”

పారేయొద్దమ్మా. కొత్తది కొన్నా కంపెనీవాళ్ల పట్టికలో ఉన్న ఒళ్లే వస్తుంది, నీ ఒళ్లు రాదు. దానికీ దూది పెట్టి నీ కొలతకు తెచ్చుకోవాల్సిందే. ఆ కష్టమేదో పాతదాని మీదే పడు. అయితే ఆ పనికి అన్నిటికన్నా ముందు కావలసింది నీ ఒంటి కొలతలకు టేపు పట్టే ఇంకో ఆడమనిషి. నీ జాబులో చక్రం గురించి రాశావు, గుడ్డ గురించి రాశావు, ఆ మనిషి ఉందో లేదో రాయలేదు. మీ ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడని మాత్రం రెండు చోట్ల రాశావు. అందుకే నా జవాబు కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నేను చిత్తూరు గ్రీమ్స్‌పేటలో పెరిగినదాన్ని. మా పెద్దమ్మ ఇంట్లోనే మిషను పెట్టుకుని చుట్టుపక్కల వాళ్లకు కుట్టేది. జాకెట్టు సగం అయ్యాక ఒంటికి వేసి చూసే వేళకు ఆ గది నిండా ఆడవాళ్లే. ఒకరు వెనక గుడ్డ పట్టి లాగేవాళ్లు, ఒకరు గుండుసూది గుచ్చేవాళ్లు, ఇంకొకరు మంచం మీద కూర్చుని “చంక దగ్గర వదులుంది చూడు, ఇంకొంచెం పట్టు” అనేవాళ్లు. కొలత తీయడానికి రెండో మనిషి కావాలన్న ఆలోచనే నాకు రాలేదు, ఎందుకంటే మనుషులు లేని పూట ఆ ఇంట్లో చూడలేదు.

న్యూజెర్సీలో దిగినాక మొదటి చలికాలంలో నాకు పలకరించే మనిషే లేదు. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నం రెండింటికి పనంతా ముగించుకుని ఇంటికి ఫోన్ చేద్దామంటే చిత్తూరులో అర్ధరాత్రి పన్నెండున్నర. నిద్రపోయే అమ్మను లేపలేం. ఆ రెండింటి నుంచి సాయంత్రం దాకా ఉండే గంటలే కొత్తగా వచ్చినవాళ్లను తినేసేవి. నువ్వు కుట్టుపని పెట్టుకోవడం దానికి మంచి మందే. కానీ ఒక్కదానివే తలుపేసుకుని కుట్టుకుంటే ఆ గంటలు తగ్గవు, ఇంకా పెద్దవవుతాయి. ఇది నేను అనుభవించి చెప్తున్న మాట.

అప్పట్లోనే పాత సామాన్ల షాపులో నేనూ ఒక బొమ్మ కొన్నాను. లోపల కాగితపు గుజ్జుతో చేసిన ఒళ్లు, పైన నారగుడ్డ, కింద ఇనప కాలు. తెచ్చిన రోజే సబ్బునీళ్లలో గుడ్డ ముంచి గట్టిగా రుద్దాను. కాగితపు ఒళ్లు కదా, భుజం కింద మెత్తబడి సొట్ట పడింది. చక్రం బిగుసుకుపోయి ఉంటే పట్టుకారు పెట్టి తిప్పాను, లోపలి పళ్లు విరిగాయి. ఈ రెండూ తరవాత దూది కిందికి పోయేవే, పెద్ద నష్టం కాదు. అసలు నష్టం కొలతల్లో జరిగింది, ఎందుకంటే నా కొలతలు నేనే తీసుకున్నాను.

అద్దం ముందు నిలబడి టేపు చుట్టుకుంటే వెనకవైపు అది కిందికి జారుతుంది, నీకు కనిపించదు. టేపు పట్టుకోవడానికి చేతులెత్తితే భుజాలు లేస్తాయి, చంక కొలత మారిపోతుంది. అంకె చూడ్డానికి తల వంచితే వీపు వంగి మెడ ఎముక నుంచి నడుము దాకా పొడుగు పెరుగుతుంది. ఒక్కొక్కటి అర అంగుళం తప్పినా చుడీదారులో చెల్లిపోతుంది, జాకెట్టులో చెల్లదు. నేను ఆ కొలతలతోనే బొమ్మకు దూది చుట్టి, దాని మీద జాకెట్టు కుట్టాను. బొమ్మకు చక్కగా కూర్చుంది. నేను వేసుకుంటే ముందు హుక్కులు అందలేదు, వెనక మెడ కింద గుడ్డ ముడతలు పడి లేచింది. అమ్మకు వీడియోలో చూపిస్తే “బాగానే ఉంది కదమ్మా” అంది. ఫోన్‌లో ముడత ఎక్కడ పుట్టిందో తెలియదు, చెయ్యి పెట్టి లాగి చూస్తేనే తెలుస్తుంది. మదనపల్లె పట్టుచీరతో వచ్చిన జాకెట్టు గుడ్డ అట్లా పోయింది.

మా అపార్ట్‌మెంటులో కింది అంతస్తులో వేలూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. బట్టలు ఉతికే గదిలో కనిపించేది. తెలుగువాళ్లు కాదు కదా అని నేను పలకరించేదాన్ని కాదు. చిత్తూరులో పుట్టి అరవం రానివాళ్లుంటారా! అయినా నోరు విప్పలేదు. చివరికి ఆ జాకెట్టు పాడైనాక టేపు చేతబట్టుకుని నేనే ఆమె తలుపు కొట్టాను. ఆమె కొలిచిన వీపు పొడుగుకూ నేను రాసుకున్నదానికీ ముప్పావు అంగుళం తేడా. నా కుడి భుజం ఎడమదాని కన్నా కిందికి ఉందని కూడా ఆమే చెప్పింది. అది ఎవరికి వాళ్లకు తెలిసే సంగతి కాదు. ఆ తరవాత ఆమె జాకెట్లకు నేను సూదులు గుచ్చడం, నావాటికి ఆమె గుచ్చడం, మధ్యలో కాఫీ. ఇప్పుడు మా అమ్మాయి లంగావోణీ దాకా ఆ బొమ్మ మీదే కుట్టాను, ఏ టైలరు గడపా తొక్కలేదు. నాకు చేతనైంది, చెప్పినట్టు చేస్తే నీకూ చేతనవుతుంది.

ఇక పని. నీకు టేపు పట్టే ఆమె కొలిచేటప్పుడు నువ్వు జాకెట్టు కింద మామూలుగా వేసుకునే బ్రా, పైన బిగుతు బనియన్ వేసుకో. నడుముకు ఎలాస్టిక్ కట్టుకుని అటూ ఇటూ వంగు, అది తన చోటికి తానే పోయి ఆగుతుంది, నడుము అదే. మెడలో సన్న గొలుసు వేసుకుంటే అది కూర్చున్న గీత దగ్గర మెడ మొదలవుతుంది. తల నిటారుగా, చేతులు కిందికి వదిలేసి, మామూలుగా ఊపిరి తీసుకుంటూ నిలబడు. కొలిచేదీ రాసేదీ ఆమే. చంకల కింది నుంచి పై ఛాతీ, నిండు ఛాతీ, ఛాతీ కింద, నడుము, సీటు, భుజాల వెడల్పు, భుజం మీది నుంచి డాట్ పాయింటుకు (ఛాతీ బాగా ఎత్తుగా ఉండే చోటు), రెండు పాయింట్ల మధ్య దూరం, వీపు పొడుగు, ఇవన్నీ కావాలి. వీపు పొడుగు మాత్రం రెండోసారి కొలవమను. చుట్టుకొలత తక్కువైతే దూదితో నింపుకోవచ్చు, వీపు పొడుగు తప్పితే నడుమే తప్పు చోట పడుతుంది. బొమ్మ నడుము నీ నడుము కన్నా పైన ఉంటే దాన్ని నమ్ముకోవద్దు, నీ కొలత ప్రకారం కొత్త గీత పెట్టి అక్కడే సన్నగా ఉండేట్టు దూది సర్దుకో.

ఇప్పుడు బొమ్మను కొలువు. అన్ని చోట్లా అది నీకన్నా సన్నగా ఉండాలి. ఎక్కించగలం గానీ చెక్కలేం. భుజాలు నీకన్నా వెడల్పుగా ఉంటే ఆ బొమ్మ నీకు పనికిరాదు, వేరేది వెతుక్కో. అన్ని చోట్లా సన్నగా ఉంటే మాత్రం నీ చక్రం తిరగకపోయినా బెంగ లేదు. కింద పేపరు పరిచి, చక్రం మొదట్లో తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయ్. తెల్లారి చేత్తోనే ముందుకూ వెనక్కూ మెల్లగా ఆడించు. కదిలితే పూర్తిగా మూసేయ్. కదలకపోతే వదిలేయ్. చక్రాలు తిప్పి పెద్దది చేస్తే ముక్కల మధ్య సందులొస్తాయి, అక్కడ సూది దిగదు. చిన్నగా ఉంచి దూది చుట్టుకోవడమే మేలు.

ముక్కవాసనకు నీళ్లు పోయొద్దు. వాక్యూమ్ బ్రష్‌తో దుమ్మంతా లాగి, ఎండ ఉన్న రోజున గాలి తగిలేచోట పెట్టు. తరవాత బేకింగ్ సోడా గిన్నెతో పాటు పెద్ద ప్లాస్టిక్ సంచిలో కొన్ని రోజులు మూసిపెట్టు. ఇంట్లోకి తెచ్చే ముందే కుట్లలోనూ అంచుల్లోనూ నల్లచుక్కలున్నాయేమో చూసి ఉండాల్సింది, ఈ దేశంలో పాత సామానుతో నల్లులు వస్తాయి. ఇప్పుడైనా చూడు. చిరిగిన గుడ్డ విప్పేముందు మెడ మీది బిళ్ళ చదువు. ప్యారిస్‌లో స్టాక్‌మన్ కంపెనీ 1867 నుంచి ఈ బొమ్మలు చేస్తోంది. అట్లాంటి పాత పేరేదైనా కనిపిస్తే గుడ్డ పీకొద్దు, దాచుకునేవాళ్లు డబ్బిచ్చి కొంటారు. ఇనప కాలు తుప్పుకు వెనిగర్, స్టీలు పీచు చాలు. కడిగి, ఆరబెట్టి, రంగు వేసుకో.

దూది అన్నాను గానీ మన బూరుగు దూది వద్దు, గడ్డలు కడుతుంది. దుప్పట్లలోకి వాడే పరుపులాంటి క్విల్ట్ బ్యాటింగ్ కొను. అందరూ పోయే జోయాన్ గుడ్డల షాపులు 2025లో మూతపడ్డాయి, ఇప్పుడు వాల్‌మార్ట్‌లోనో మైకేల్స్‌లోనో చూసుకో. ముందు నీ పాత బ్రా బొమ్మకు తొడిగి నింపు. తరవాత పొట్ట, వీపు, సీటు. బ్యాటింగ్‌ను కత్తెరతో కోస్తే అంచు మెట్టులాగా పైకి తేలుతుంది, చేత్తో చించు. చిన్న ముక్క కింద, దానికన్నా పెద్దది పైన. దిగిన భుజాన్ని దిగినట్టే ఉంచి, ఎత్తుగా ఉన్నదానికి ప్యాడ్ పెట్టు. రెండూ సమానం చేయాలని చూడొద్దు. ప్రతి పొరకూ టేపు పెట్టు. సూదులతో నిలిపి, చేతికుట్టుతో అక్కడక్కడా పట్టు వేయి.

పైకి తిరుప్పూరు బనియన్ గుడ్డ మంచిది, సాగుతుంది, సూది దిగుతుంది. ఎవరైనా తిరుపతి నుంచి వస్తుంటే తెప్పించుకో. బిగుతుగా తొడిగితే దూది అణుగుతుంది కాబట్టి తొడిగినాక అన్నీ మళ్లీ కొలువు. ఆ మీద సన్న నాడాతో గీతలు: ముందు నడిమి గీత, వెనక నడిమి గీత, ఛాతీ, నడుము, పక్కలు. నడిమి గీతలకు దారానికి బరువు కట్టి వేలాడదీసి చూసుకో, కంటి అంచనా వద్దు.

అంతా అయ్యాక మీ అమ్మ దగ్గరున్న నీ ఆది జాకెట్టు తెప్పించి బొమ్మకు వేసి హుక్కులు పెట్టు. నీ ఒంటి మీద ఎంత బిగుతో బొమ్మ మీదా అంతే ఉండాలి, డాట్ కొసలు పాయింటు దగ్గరే ఆగాలి. అయితే అది ఇప్పుడు నీకు సరిపోయేదై ఉండాలి. ఇక్కడికి వచ్చినాక చాలామందికి ఒళ్లు మారుతుంది, పెళ్లినాటి జాకెట్టుతో సరిచూసుకోవద్దు.

డబ్బు తీసుకుని ఇతరులకు కుట్టే ఆలోచన ఉంటే ఆగు. భర్త ఉద్యోగ వీసా వెంట వచ్చే హెచ్‌-4 మీద ఉన్నదానివైతే ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, లేకుండా కుదరదు. 2015 నుంచి కొందరికి అది ఇస్తున్నారు, నీకు వర్తిస్తుందేమో ఇక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసు యూఎస్‌సీఐఎస్ సైటులో చూసుకో. ఇంటి నుంచి కరెంటు మిషను మాత్రం తెప్పించుకోవద్దు, ఇక్కడి కరెంటు 120 వోల్టులు.

ఇక మనిషి సంగతి. మీ ఊళ్లో పబ్లిక్ లైబ్రరీకి పోయి కుట్టుపనివాళ్లు కలిసే రోజు ఏదైనా ఉందా అని అడుగు. చాలా లైబ్రరీల్లో ఉంటుంది, డబ్బు కట్టక్కరలేదు. పిల్లలకు తెలుగు నేర్పే మనబడి క్లాసు జరిగేచోట వాళ్ల కోసం కాచుకుని కూర్చున్న తల్లులుంటారు, నీకు పిల్లలు లేకపోయినా పోయి కూర్చోవచ్చు. పిట్స్‌బర్గ్ పెన్ హిల్స్‌లో 1976 నుంచి వెంకన్న గుడి ఉంది, ఒహాయో వాళ్లు కార్లేసుకుని పోతారు. తిరుపతి పిల్లవు, నువ్వూ పోతావు. దండం పెట్టుకుని వెంటనే కారెక్కొద్దు. ప్రసాదం దగ్గర కూర్చున్న పెద్దావిడను పలకరించు. తెలుగే కానక్కరలేదు. పక్కింటి అమెరికా ముసలావిడకు కూడా టేపు చదవడం వచ్చు, అంకెలు అంగుళాల్లోనే ఉంటాయి. అడిగితే ఏమనుకుంటారో అని నువ్వు జంకుతావని నాకు తెలుసు. మనకు ఇంటి నుంచి వచ్చిన అలవాటే అది, అక్కడ అడగకుండానే చేసిపెట్టేవాళ్లు. ఇక్కడ అడగాలి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

ఈ వారం బొమ్మను ఎండలో పెట్టు, చక్రానికి నూనె వేయి, అంతవరకు ఒక్కదానివే చేసుకోవచ్చు. దూది మాత్రం ఇప్పుడే కొనొద్దు. నీ కొలతలూ బొమ్మ కొలతలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాయించి ఫోటో తీసి పంపు, ఎక్కడ ఎంత మందం పెట్టాలో చూసి చెప్తాను. ఆ కాగితం మీద నీ కొలతలు నీ చేతిరాతలో ఉంటే మాత్రం చూడను.