మహమ్మారి వస్తే జాతీయవాదం పెరుగుతుందా? పోలేపల్లి స్టోర్స్‌లోంచి ఒక జవాబు

"కరోనా లాంటి మహమ్మారులు దేశాల్లో జాతీయవాదాన్ని పెంచుతాయా, ప్రపంచ రాజకీయాలను మారుస్తాయా?" అని అడిగారు.

పెరుగుతుంది. కానీ అది దేశం సరిహద్దు దగ్గర ఆగదని నా అభిప్రాయం. భయం పెరిగేకొద్దీ 'మనవాళ్లు' అని గీసుకున్న గిరి చిన్నదవుతూ ఊరి పొలిమేర దాకా వచ్చేస్తుంది. మరోపక్క, గిరి గీసినవాడికే అవతలివాడి సరుకు కావాల్సి వస్తుంది. ప్రపంచ రాజకీయాల్లో అసలు గుంజులాట అక్కడ మొదలవుతుంది.

నేను జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో స్టోర్స్ చూస్తాను. మా ఊరు నారాయణపేట వైపు. నేను చెప్పేది ఈ రెండు చోట్లా చూసిందే.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ రాగానే మా ఊరి దారికి అడ్డంగా తుమ్మకంప వేశారు. పక్క ఊరివాళ్లూ మాకు అడ్డంగా వేశారు. పాలమూరు సంగతి తెలిసిందే కదా, బొంబాయికో పుణెకో పోయి కాంక్రీటు పని చేసే మనిషి లేని ఇల్లు మా వైపు తక్కువ. వాళ్లు పంపిన పైసలతో కట్టిన ఇళ్ల అరుగుల మీద కూర్చున్నవాళ్లే "బొంబాయోళ్లను రానియ్యొద్దు" అన్నారు. మా చిన్నాన్న కొడుకు వస్తే బడిలో ఉంచారు. మా చిన్నమ్మ గేటు దాకా పోయి అన్నం గిన్నె పెట్టి, దూరంగా నిలబడి మాట్లాడి వచ్చేది. వేరుగా ఉంచడం తప్పని నేను అనను, అది అవసరమే. కానీ వాడేదో రోగాన్ని కావాలని మోసుకొచ్చినట్టు మాట్లాడారు చూడండి, అది వేరే సంగతి. అదే రోజుల్లో ట్రంప్ "చైనా వైరస్" అంటుంటే టీవీలో చూస్తూ, ఇది మా అరుగు మీది మాటే కదా అనిపించింది.

ఏడాది తర్వాత సెకండ్ వేవ్‌లో, 2021 మేలో, అలంపూర్ దగ్గర పుల్లూరు టోల్‌గేటు వద్ద కర్నూలు వైపు నుంచి హైదరాబాద్ వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపారు. ఆసుపత్రిలో బెడ్ ఖాయమైనట్టు ముందే అనుమతి ఉండాలన్నారు. నల్గొండ వైపు సరిహద్దులోనూ ఇదే గొడవ. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుల మీద స్టే ఇచ్చేదాకా నడిచింది. అటూ ఇటూ మాట్లాడేది తెలుగే, 2014 దాకా ఒకటే రాష్ట్రం. దీన్ని జాతీయవాదం అనలేం. కానీ జర్మనీ, ఫ్రాన్స్ 2020 మార్చిలో మాస్కులు బయటికి పోకుండా ఆపేసి, పక్కనే ఇటలీ అల్లాడుతుంటే చూస్తూ ఉన్నప్పుడు పనిచేసిన బుద్ధీ ఇదే. యూరోపియన్ యూనియన్ అని ఇన్నేళ్లు చెప్పుకున్న ఐక్యత మొదటి నెలలోనే పక్కకు పోయింది. ఆ సందు చూసి చైనా ఇటలీకి డాక్టర్లనూ సామాన్లనూ పంపి పేరు కొట్టేసింది.

ఇక మా స్టోర్స్ సంగతి. మందుల తయారీకి మన దేశం దిగుమతి చేసుకునే ముడిసరుకులో మూడింట రెండు వంతుల దాకా చైనాదే. 2020 ఫిబ్రవరిలో అక్కడి ఫ్యాక్టరీలు మూతపడితే ఇక్కడ మాకు టెన్షన్ మొదలైంది. మార్చి 3న మన ప్రభుత్వం పారాసెటమాల్ సహా 26 రకాల ముడిమందులు, మందుల ఎగుమతికి అడ్డుకట్ట వేసింది. మనకే చాలకపోతే ఎలా అని. తర్వాత కరోనాకు పనిచేస్తుందని అప్పట్లో అనుకున్న మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా ఆపింది. ట్రంప్ ఫోన్ చేశాడు, ఇవ్వకపోతే ప్రతీకారం ఉండొచ్చని బయటికే అన్నాడు. ఏప్రిల్ 7 కల్లా మనవాళ్లు సడలించారు. (ఆ మందు కరోనాకు పనిచేయదని తర్వాత తేలింది, అది వేరే కథ.) సరుకు చేతిలో ఉన్నవాడికి బలం ఉంటుంది, కానీ ఆ బలం ఎంతసేపు నిలుస్తుందో అవతలి మనిషి ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది.

జూన్ 15న లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు. అందులో కర్నల్ సంతోష్‌బాబుది మన సూర్యాపేట. ఆ వారం మా వైపు ఎవరిని కదిలించినా కోపమే, ఏడుపే. ఆ కోపం నకిలీది కాదు. నెలాఖరుకు టిక్‌టాక్ సహా 59 చైనా యాప్‌లను నిషేధించారు. మా స్టోర్స్ కుర్రాళ్లు ఫోన్లలో యాప్‌లు తీసేసి, "బాయ్‌కాట్ చైనా" స్టేటస్ పెట్టి, వెంటనే ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కి చైనా లేబుల్ ఉన్న డ్రమ్ములు దించారు. దించక ఏం చేస్తారు? అవి ఆగితే ఇక్కడ లైను ఆగుతుంది. 2021లో రెండు దేశాల వ్యాపారం తగ్గకపోగా 12,500 కోట్ల డాలర్లు దాటింది. మార్పు వచ్చిందంటే నినాదాల వల్ల కాదు, ముడిమందులు ఇక్కడే చేసేవాళ్లకు ప్రోత్సాహకాలిచ్చే పథకం వల్ల కొంత వచ్చింది. యాంటీబయాటిక్‌ల ముడిమందు పెనిసిలిన్-జి చేసే ప్లాంట్ కాకినాడ దగ్గర 2024లో మొదలైంది. నాలుగేళ్లు పట్టింది.

వ్యాక్సిన్ల దగ్గరా ఇదే వరస. 2021 జనవరిలో భూటాన్, మాల్దీవులతో మొదలుపెట్టి మన దేశం ఎంతోమందికి టీకాలు పంపింది, మంచిపేరు వచ్చింది. సెకండ్ వేవ్ రాగానే ఎగుమతి ఆపేయాల్సి వచ్చింది. మన టీకాల మీదే ఆధారపడ్డ పేద దేశాలు ఎదురుచూస్తూ ఉండిపోయాయి. మన జనం చస్తుంటే ఆపక తప్పదు, నిజమే. ధనిక దేశాలు మాత్రం జనాభాకు మించి ముందే బుక్ చేసి పెట్టుకున్నాయి. వాళ్లదీ మనదీ ఒకటే తప్పని నేను కలపను.

పాతకాలంలోనూ ఇంతేనా అంటే, రెండు రకాలూ ఉన్నాయి. 1897లో పుణెలో ప్లేగు పేరుతో సైనికులు ఇళ్లలో జొరబడి సోదాలు చేస్తే జనం రగిలిపోయారు, చాపేకర్ సోదరులు ప్లేగు అధికారి రాండ్‌ను చంపారు. అక్కడ జాతీయవాదం పక్కవాడి మీద కాదు, పాలకుడి మీద లేచింది. ఆ ఏడాది తెల్లవాళ్లు చేసిన అంటువ్యాధుల చట్టాన్నే 2020లో మనమూ వాడుకున్నాం! ఇంకోపక్క మశూచిని చూడండి. అమెరికా, సోవియట్ యూనియన్ అణుబాంబులు ఎక్కుపెట్టుకున్న కాలంలోనే ఇద్దరూ కలిసి దాని మీద పనిచేశారు. 1980లో మశూచి పోయిందని ప్రకటించారు.

అంటే రోగం వస్తే దేశాలు కొట్టుకోవాలని రాసిపెట్టి లేదు. కానీ ఇప్పటి లెక్క చూస్తే నాకు పెద్ద ఆశ లేదు. 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థలో మహమ్మారి ఒప్పందం ఆమోదం పొందింది. కొత్త క్రిమి నమూనాలు ఇచ్చిన దేశానికి టీకాల్లో ఎంత వాటా అనే అసలు ముడిని మాత్రం తర్వాత తేల్చుకుందామని వదిలేశారు. అమెరికా అయితే ఆ ఏడాది జనవరిలోనే సంస్థ నుంచి తప్పుకుంటానని నోటీసు ఇచ్చేసింది.