చంకల్లో షేవింగ్ తర్వాత మంట, పొక్కులు: సమాధానం

చెల్లీ, షేవ్ చేసిన ప్రతిసారీ చంకలు మండి ఎర్రగా పొక్కులు లేస్తున్నాయన్నావు. పొద్దున్నే హడావుడిగా పొడి చర్మం మీదే రేజర్ పెట్టి, వెంటనే డియోడరెంట్ కొడుతున్నానని కూడా రాశావు. ముందు ఆ రెండూ మానెయ్.

షేవింగ్ రాత్రి స్నానం చివర్లో చెయ్యి. గోరువెచ్చని నీళ్లకి వెంట్రుక మెత్తబడుతుంది. షేవింగ్ జెల్ లేకపోతే తలకి వాడే కండిషనర్ రాసుకో. సబ్బు వద్దు, త్వరగా ఆరిపోయి రేజర్ పట్టేస్తుంది. చెయ్యెత్తి అరచేతిని మెడ వెనక పెట్టుకుంటే చంకలో గుంట పోయి చర్మం బిగుతుగా సాగుతుంది. అసలు చిక్కు ఇక్కడే: అక్కడి వెంట్రుకలు ఒకే వైపు పెరగవు. అద్దంలో చూసుకుని, ఏ భాగంలో ఎటు పెరిగితే అటే, నొక్కకుండా కొంచెం కొంచెంగా లాగు. లాగిన ప్రతిసారీ బ్లేడు కడుగు. 5 నుంచి 7 సార్లు వాడాక మార్చెయ్.

తర్వాత చల్లనీళ్లు పోసి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, సువాసన లేని మాయిశ్చరైజర్ రాసి, వదులైన నూలు బట్టలు వేసుకో. డియోడరెంట్ మర్నాడే.

ఇప్పుడున్న పొక్కులు తగ్గేదాకా మాత్రం రేజర్ ముట్టుకోకు, తప్పదనుకుంటే ట్రిమ్మర్ వాడు. చీము పట్టినా, గడ్డలు మళ్లీమళ్లీ వచ్చి మచ్చలు పడుతున్నా ఆలస్యం చెయ్యకుండా చర్మ వైద్యులకి చూపించమ్మా.